సగటు లెక్కలో మాయమయ్యేది మన పేటే

మన సంఘాల్లో కంప్యూటర్ తరగతులకు కొదవ లేదు. చెన్నైలో రాయపురం, వ్యాసర్పాడి మొదలుకొని బెంగళూరు, కోలార్ గనులు, షోలాపూర్, బరంపురం, యానాం దాకా చాలా చర్చిల వెనక గదిలో నాలుగు పాత కంప్యూటర్లు ఉంటాయి. టైపింగ్ నేర్పుతారు, ట్యాలీ నేర్పుతారు, ఎక్సెల్‌లో ఫీజుల పట్టిక వేయడం నేర్పుతారు. ఈ మధ్య డేటా సైన్స్ అనే మాట కూడా వచ్చి చేరింది. తల్లి మెడలో ఉన్న కాసింత బంగారం కుదువ పెట్టి పిల్లవాణ్ణి ఆ కోర్సులో చేర్పిస్తున్నారు. అక్కడ వాడు నేర్చుకునేది ఏ కస్టమర్ ఏ సబ్బు కొంటాడో అంచనా కట్టడం. అదే సాఫ్ట్‌వేర్‌తో, అదే లెక్కతో తన వీధి గాలిని, తన బోరు నీటిని చదవవచ్చని వాడికి ఎవరూ చెప్పరు. కోర్సు అమ్మేవాడు చెప్పడు, వాడికి దానితో పని లేదు. చెప్పవలసిన సంఘమూ చెప్పడం లేదు. మా తగవు సంఘంతోనే.

పర్యావరణం మీద జరిగే ఏ సమావేశంలోనైనా చూడండి. మనవాళ్లు లేచి "అయ్యా, పిల్లలకు దగ్గు తగ్గడం లేదు" అంటారు. అధికారి కాగితం తిప్పి "రీడింగులు పరిమితిలోనే ఉన్నాయి" అంటాడు. అంతటితో మాట ముగిసిపోతుంది. ఆ కాగితం మీద ఉన్న అంకె ఎలా పుట్టిందో అడగగలిగినవాడు మన వైపు ఒక్కడూ ఉండడు. మన ఏడుపు నిజం, అతని అంకె కూడా చాలాసార్లు నిజమే. ఆ రెండు నిజాల నడుమ జరిగిన లెక్క ఏమిటన్నదే అసలు ప్రశ్న.

2023 డిసెంబర్ 26 అర్ధరాత్రి ఉత్తర చెన్నైలోని ఎన్నూరులో ఏం జరిగిందో ఈ పత్రిక చదివేవారికి గుర్తుండే ఉంటుంది. ఒక ఎరువుల కర్మాగారానికి సముద్రం అడుగున అమ్మోనియా తెచ్చే పైపు లీకైంది. పెరియకుప్పం, చిన్నకుప్పం జనం పిల్లలను ఎత్తుకొని చీకట్లో పరుగెత్తారు. ఎంతోమంది ఆసుపత్రుల పాలయ్యారు. కాలుష్య నియంత్రణ మండలి కర్మాగారం గేటు దగ్గర కొలిస్తే ఘనపు మీటరు గాలిలో అమ్మోనియా 2090 మైక్రోగ్రాములు తేలింది. పరిమితి 400. సముద్రపు నీటిలో లీటరుకు 5 మిల్లీగ్రాములు ఉండవలసిన చోట 49 వచ్చింది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. ఆ 400 దేని పరిమితి? 24 గంటల సగటుకు పెట్టిన పరిమితి. ఒక ఊహా లెక్క వేద్దాం, ఆ రాత్రి ఇలాగే జరిగిందని మేము అనడం లేదు. ఒక వీధిలో అరగంట పాటు అమ్మోనియా 10,000కు చేరింది, మిగిలిన ఇరవై మూడున్నర గంటలూ 20 దగ్గరే ఉంది అనుకోండి. 24 గంటల సగటు ఎంత? సుమారు 228. పరిమితిలో సగం కంటే కాస్త ఎక్కువ, అంతే. మన దేశపు గాలి నాణ్యత సూచీలో అమ్మోనియా 201 నుంచి 400 దాకా ఉంటే దానికిచ్చిన పేరు 'సంతృప్తికరం'. అర్ధరాత్రి కళ్లు మండి, ఊపిరాడక బిడ్డను భుజాన వేసుకొని పరుగెత్తిన తల్లికి ఆ రోజు అమ్మోనియా విషయంలో సంతృప్తికరమైన రోజన్నమాట! ఈ లెక్కలో ఎవరూ అబద్ధమాడలేదు. కూడిక సరే, భాగహారం సరే. ఆ అరగంటను ఇరవై నాలుగు గంటల మీద పలచగా పూసేశారు, అంతే.

ఈ పూత ప్రతిరోజూ జరుగుతోంది, లీకులు లేని రోజుల్లో కూడా. బెంగళూరు వీధులు ఊడ్చే పౌరకార్మికుల్లో మన తెలుగు తల్లులు ఎంతమంది ఉన్నారో మనకు తెలియనిది కాదు. వారి పని తెల్లవారుజామున మొదలవుతుంది. చలికాలపు ఉదయాల్లో నేల దగ్గరి గాలి చల్లగా, బరువుగా కదలకుండా ఉంటుంది. రాత్రి పేరుకున్న పొగ, దుమ్ము పైకి లేవవు. ఎండెక్కితే గాని ఆ మూత తెరుచుకోదు. చీపురు లేపే దుమ్ము దానికి తోడు. ఆఫీసుకు పది గంటలకు వెళ్లే మనిషి పీల్చే గాలి వేరు, ఆమె ఆరింటికి పీల్చే గాలి వేరు. దినసరి సగటు మాత్రం ఇద్దరికీ ఒకటే అంకె ఇస్తుంది. గంటగంటకూ విడదీసి గ్రాఫు గీస్తే ఆమె గంట కనబడుతుంది. ఆ గ్రాఫు గీయడానికి పట్టేది కంప్యూటరు మీద నాలుగైదు వరుసలు రాసేంత సమయం.

డేటా కోసం ఎవరి కాళ్లా పట్టుకోనక్కర లేదు. నగరాల్లోని నిరంతర గాలి పరీక్ష కేంద్రాలు పదిహేను నిమిషాలకోసారి కొలతలు నమోదు చేస్తాయి. ఎన్నూరు పక్కనున్న మణలిలో అలాంటి కేంద్రాలున్నాయి. ఆ కొలతలను కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వెబ్‌సైట్ నుంచి ఎవరైనా దించుకోవచ్చు. అవి తలుపులు తెరిచి ఉన్న ధాన్యపు కొట్లు. లోపలికి వెళ్లి కొలిచేవాడే మన వైపు లేడు. కేంద్రాలు లేని ఊళ్లలో మనుషులు వెళ్లి కొలిచే పద్ధతి ఉంది, వారానికి రెండు రోజుల చొప్పున ఏడాదికి 104 రోజులు. మిగిలిన 261 రోజుల గాలి ఎలా ఉందో ఆ పుస్తకంలో ఉండదు.

గాలి నాణ్యత సూచీలో లెక్కకు వచ్చేవి ఎనిమిది కాలుష్యాలే, అదీ గుర్తుంచుకోవాలి. 2020 మే 7న విశాఖలో మనవాళ్ల ప్రాణాలు తీసిన స్టైరీన్ ఆ ఎనిమిదిలో లేదు.

ఇప్పుడు నియమానికి వద్దాం. 2009 నాటి జాతీయ గాలి ప్రమాణాల ప్రకారం 24 గంటల పరిమితిని ఏడాదిలో 98 శాతం సార్లు పాటిస్తే చాలు. మిగిలిన 2 శాతం దాటవచ్చు, వరుసగా రెండు రోజులు మాత్రం దాటకూడదు. ఏడాదికి 2 శాతమంటే ఏడు రోజులు. నియమం చేసేవారి ఇబ్బంది మాకు తెలుసు. ధూళి తుపాను వచ్చిన రోజుకు ఏ కర్మాగారాన్ని పట్టుకుంటారు? కానీ ఒక మాట. లూకా 15వ అధ్యాయంలో కాపరి దగ్గర వంద గొర్రెల్లో తొంభై తొమ్మిది క్షేమంగా ఉన్నాయి. నేటి భాషలో అది 99 శాతం, ప్రమాణం కంటే ఒక శాతం మెరుగు. నివేదిక రాసి సంతకం పెట్టి పడుకోవచ్చు. ఆ కాపరి పడుకోలేదు. అసలు ఒకటి తప్పిపోయిందని అతనికెలా తెలిసింది? లెక్కపెట్టాడు కాబట్టి. ఈ వాక్యం మీద ఎన్నో ప్రసంగాలు విన్నాం, ప్రేమ గురించి, పశ్చాత్తాపం గురించి. లెక్కపెట్టడం గురించి మాత్రం ఎవరూ ప్రసంగించగా వినలేదు.

లెక్క అనగానే మనలో కొందరు పెద్దలు దావీదును ముందుకు తెస్తారు. జనాభా లెక్క తీసి పాపం చేశాడు కదా, తెగులు వచ్చింది కదా అంటారు. రెండవ సమూయేలు 24ను మళ్లీ తెరిచి చదవమని మనవి. యోవాబు తెచ్చిన లెక్క కత్తి దూయగల మగవారి లెక్క. రాజు తన బలం చూసుకోవడానికి తీసిన లెక్క. దిక్కులేనివాడు తనకు జరిగిన నష్టాన్ని లెక్కపెట్టుకోవడం అందులో ఎక్కడుంది? మన బైబిలులో సంఖ్యాకాండమనే పుస్తకమే ఉంది. ఇంకొందరు ఇవన్నీ అంత్యదినాల సూచనలు, మనం చేయగలిగింది ప్రార్థనే అంటారు. ప్రార్థించండి, మేమూ ప్రార్థిస్తాం. కానీ జ్వరం వస్తే థర్మామీటరు పెట్టించుకునే విశ్వాసి, పేట గాలికి మాత్రం కొలత అవసరం లేదనడం ఏ విశ్వాసం?

లండన్‌లో 1854లో సోహో ప్రాంతపు బ్రాడ్ వీధిలో కలరా వచ్చి ఆరు వందల మందికి పైగా చనిపోయారు. వీధి చేతిపంపు నీళ్లే కారణమని డాక్టర్ జాన్ స్నో అన్నాడు. అక్కడి సెయింట్ లూక్స్ చర్చిలో హెన్రీ వైట్‌హెడ్ అనే యువ సహాయ పాస్టరు ఉండేవాడు. ఆయనకు ఆ మాట నమ్మకం కుదరలేదు. తప్పని నిరూపిద్దామని ఇంటింటికీ వెళ్లాడు, ఒకే ఇంటికి పదే పదే వెళ్లాడు. చనిపోయినవారి గురించి మాత్రమే అడిగి ఊరుకోలేదు, బతికినవారిని కూడా అడిగాడు, ఆ నీళ్లు తాగారా లేదా అని. లెక్క పంపు వైపే చూపింది. ఆయన తన మాట మార్చుకున్నాడు. పంపు పక్క ఇంట్లో మొదట జబ్బుపడిన పసిపాపను కూడా కనిపెట్టినవాడు ఆయనే. పాస్టరు గనుక ప్రతి తలుపూ ఆయనకు తెరుచుకుంది. ఆ తలుపులు మన పాస్టర్లకు కూడా తెరుచుకునే ఉన్నాయి, కాకపోతే మనం కానుకల కవరు పట్టుకొని వెళుతున్నాం.

లెక్కలు మన జాతి చదువు కాదనే భయం కూడా వద్దు. నేటి గణాంకశాస్త్రం సగం నిలబడిన సూత్రానికి పేరిచ్చిన థామస్ బేయస్ ఒక ప్రెస్బిటేరియన్ పాదిరి. ఇక ప్రపంచ గణాంక శాస్త్రంలో మహావృక్షంలాంటి సి.ఆర్. రావు మన తెలుగువాడే. ఆయన 1920లో పుట్టింది ఆంధ్రలో కూడా కాదు, ఇప్పటి కర్ణాటకలోని హడగలిలో. 2023లో ఆ శాస్త్రంలోని అంతర్జాతీయ బహుమతి అందుకొని, అదే ఏడాది 102 ఏళ్ల వయసులో కన్నుమూశారు. సరిహద్దు అవతల పుట్టిన తెలుగు పిల్లలకు ఈ పేరు చెప్పే తల్లిదండ్రులు ఎంతమంది?

నీటి లెక్కలో మోసం ఇంకా సన్నగా ఉంటుంది. నీటి పరీక్ష రిపోర్టుల్లో తరచూ 'బీడీఎల్' అని మూడక్షరాలు కనిపిస్తాయి. మా పరికరం పట్టగలిగినంత లేదు అని దాని అర్థం. జనం దాన్ని 'అసలు లేదు' అని చదువుతారు. మన దేశపు తాగునీటి ప్రమాణంలో ఆర్సెనిక్ హద్దు లీటరుకు 0.01 మిల్లీగ్రాము. ల్యాబు పరికరం 0.05 కంటే తక్కువను పట్టలేనిదైతే, బీడీఎల్ అన్న మాటకు విలువేమిటి? హద్దుకు నాలుగు రెట్లు విషమున్నా అందులో బీడీఎల్ అనే వస్తుంది. కాబట్టి రిపోర్టు చేతికి రాగానే మొదట అడగవలసిన ప్రశ్న: "మీ పరికరం పట్టగలిగే కనీస కొలత ఎంత?" రిపోర్టులో అది రాసి లేకపోతే ఆ కాగితం తిరిగి ఇచ్చేయండి.

దీనిలోనే ఇంకో చిక్కు. బీడీఎల్ వచ్చిన చోట చాలామంది ఆ కనీస కొలతలో సగం వేసి సగటు తీస్తారు. పాత పరికరం కనీసం 0.05 అయితే 0.025 వేస్తారు. తర్వాత మంచి పరికరం వచ్చి కనీసం 0.01 అయితే 0.005 వేస్తారు. గ్రాఫు గీస్తే విషం అయిదో వంతుకు పడిపోయినట్టు కనబడుతుంది. బోరు నీళ్లలో రవ్వంత మార్పు లేదు, మారింది పరికరమే! ఆ గ్రాఫు పట్టుకొని శుద్ధి పథకం విజయవంతమైందని సభలు కూడా పెట్టవచ్చు. ఈ సగం వేసే అలవాటు తప్పని దశాబ్దాలుగా పోరాడినవాడు అమెరికా భూగర్భ సర్వే సంస్థలో పనిచేసిన డెన్నిస్ హెల్సెల్. సరైన దారి ఎక్కడిదంటే ఆసుపత్రిది. పరిశోధన ముగిసే నాటికి ఇంకా బతికి ఉన్న రోగి ఎంతకాలం బతికాడని రాయాలి? 'ఇంతకంటే ఎక్కువ' అని మాత్రమే తెలుసు. 1958లో కప్లాన్, మయర్ అనే ఇద్దరు దానికి పద్ధతి చెప్పారు. అదే పద్ధతిని తిప్పి 'ఇంతకంటే తక్కువ' అనే నీటి కొలతలకు వాడవచ్చు. హెల్సెల్ తన సహచరులతో రాసిన నీటి గణాంకాల పుస్తకం 2020 కూర్పు ఆ సంస్థ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది.

ఆ పుస్తకంలోని లెక్కలన్నీ 'ఆర్' అనే సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాయి. న్యూజిలాండ్‌లోని ఆక్లండ్ విశ్వవిద్యాలయంలో రాస్ ఇహాకా, రాబర్ట్ జెంటిల్మన్ అనే ఇద్దరు ఉపాధ్యాయులు మొదలుపెట్టింది అది. ఉచితం, పాత లాప్‌టాప్ మీద కూడా నడుస్తుంది. ఎక్సెల్ చాలదా అని అడుగుతారు. నాలుగు అంకెలు కూడడానికి చాలు. కానీ ఎక్సెల్‌లో మౌసుతో చేసిన పని ఆనవాలు లేకుండా పోతుంది. ఏ గడి చెరిపాం, ఏ వరుస వదిలాం అని ఎదుటివాడు అడిగితే చూపలేం. ఆర్‌లో ప్రతి అడుగూ రాతలో ఉంటుంది. అధికారి వకీలు వచ్చి ఎలా తీశారని అడిగితే ఆ రాత చేతిలో పెట్టి, మీరే నడిపి చూసుకోండి అనవచ్చు. పేదవాడి లెక్కను ఎవరూ ఊరికే నమ్మరు. అందుకే పేదవాడి లెక్క అందరికంటే బట్టబయలుగా ఉండాలి.

మొదట ఏం నేర్చుకోవాలో తేలికగానే చెప్పవచ్చు. సగటుకూ మధ్యగతానికీ తేడా, స్కూల్లో మార్కుల కోసం బట్టీపట్టి మరిచిపోయిందే. తర్వాత గంటలవారీ గ్రాఫు. తర్వాత 'ఓపెన్ఎయిర్' అనే ఉచిత ప్యాకేజీ. బ్రిటన్‌లో డేవిడ్ కార్స్‌లా దాన్ని గాలి డేటా కోసమే తయారుచేశారు. గాలి ఏ దిక్కు నుంచి ఎంత వేగంతో వీచినప్పుడు కాలుష్యం పెరుగుతోందో ఒక్క బొమ్మలో చూపుతుంది. పొగగొట్టం తూర్పున ఉండి, తూర్పు గాలికే అంకె పెరుగుతుంటే, అది తీర్పు కాకపోయినా అడగదగిన ప్రశ్న అవుతుంది. ఇంగ్లీషు రాదనే సాకు చెప్పకండి. తమిళంలోనో కన్నడంలోనో చదువుకొని ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లలు ఇప్పటికే మూడు భాషల మధ్య బతుకుతున్నారు. ఆర్‌లో రోజూ వాడే ఇంగ్లీషు మాటలు యాభై కూడా ఉండవు. వాటిని ఇంటి తెలుగులో విడమరిచి చెప్పే అక్కో అన్నో ఒకరు కావాలి.

ఇక ఉద్యమ మిత్రులతో ఒక కఠినమైన మాట. ఏడాదిలో అన్నిటికంటే చెడ్డ రోజును ఏరి పోస్టరు మీద వేయడం మీలో కొందరికి అలవాటైంది. మూడు వేల రూపాయల సెన్సరు కొని సముద్రం ఒడ్డున తెల్లవారుజామున పెట్టి, వచ్చిన అంకెను లోకమంతా పంపుతున్నారు. ఆ సెన్సర్లు వెలుగును ధూళి ఎంత చెదరగొడుతుందో చూసి లెక్క కడతాయి. తేమ ఎక్కువైతే రేణువులు నీరు పీల్చి ఉబ్బుతాయి, అంకె పెరుగుతుంది. ప్రభుత్వ పరికరం పక్కన కొన్నాళ్లు పెట్టి సరిచూడకుండా ఆ అంకెను ప్రకటించడం దొంగ తూకమే. సామెతల గ్రంథంలో దొంగ త్రాసును అసహ్యించుకున్న దేవుడు అది ఎవరి చేతిలో ఉందని చూసి మినహాయింపు ఇవ్వలేదు. పైగా అలాంటి ఒక్క అంకె తప్పని తేలితే, తర్వాత మనం తెచ్చే పది నిజమైన అంకెలను కూడా చెత్తబుట్టలో వేస్తారు.

కోలార్ గనుల ఊరి యవనస్థులకు ఇది మరీ అవసరం. గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. తాతల చేతుల మీదుగా బయటికొచ్చిన రాతిపొడి సైనైడ్ దిబ్బలై పదమూడు చోట్ల, సుమారు 3 కోట్ల 30 లక్షల టన్నులు, ఇప్పటికీ అక్కడే ఉంది. గాలి లేస్తే ఇళ్లలోకి వస్తుంది. ఆ దిబ్బలను మళ్లీ తవ్వి బంగారం తీసే ఆలోచనకు 2024లో రాష్ట్ర ప్రభుత్వం ఒప్పుకుంది. తవ్వకం మొదలయ్యాక దుమ్ము పెరిగిందని అంటే "ముందు ఎంత ఉండేది?" అని అడుగుతారు. ముందటి లెక్క ఇప్పుడే రాయకపోతే ఆ ప్రశ్నకు ఎప్పటికీ జవాబు ఉండదు. సాఫ్ట్‌వేర్ కంటే ముందు ఒక నోటుబుక్కు చాలు. తేదీ, గంట, గాలి దిక్కు, దుమ్ము ఉందా లేదా, ఇంట్లో దగ్గేవాళ్లెందరు. దుమ్ము లేని రోజు కూడా తప్పకుండా రాయాలి. ఆ ఖాళీ రోజులు రాయని పుస్తకం కోపం పుస్తకమవుతుంది గాని డేటా కాదు. వైట్‌హెడ్ బతికినవారిని కూడా అడిగింది ఇందుకే.

గంజాం తీరాన మన నోళియా జాలరుల దగ్గరికైనా, యానాం పక్కకైనా కొత్త ప్రాజెక్టు వస్తే పర్యావరణ ప్రభావ నివేదిక వస్తుంది. 2006 నాటి నోటిఫికేషన్ ప్రకారం బహిరంగ విచారణకు కనీసం ముప్పై రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. ఆ నివేదికలు తెరిస్తే చాలావాటిలో గాలి కొలతలు వానాకాలం కాని ఒక్క కాలానివే ఉంటాయి. వారానికి రెండు చొప్పున పన్నెండు వారాలు, చోటుకు ఇరవై నాలుగు కొలతలు. వాటి నుంచి 98వ పర్సంటైల్ అని రెండు దశాంశాల దాకా రాస్తారు. ఇరవై నాలుగు అంకెల్లో 98వ పర్సంటైల్ అంటే దాదాపు అన్నిటికంటే పెద్ద అంకే, దానికి అంత గంభీరమైన పేరు పెట్టారు. ఆ మూడు నెలల్లో గాలి ఊరి మీదికి వీచిందా, సముద్రం మీదికి వీచిందా? మిగిలిన తొమ్మిది నెలల సంగతేమిటి? ఇరవై నాలుగు కొలతలూ ఏ తేదీల్లో తీశారు, ఆ పట్టిక మాకు ఇస్తారా? విచారణలో మైకు అందినప్పుడు అడగవలసినవి ఇవి. అడిగిన ప్రతి మాటా మినిట్స్‌లో ఎక్కాలి.

ముప్పై రోజుల్లో ఎవరూ గణాంకశాస్త్రం నేర్చుకోలేరు. నోటీసు వచ్చే నాటికి పేటలో ఇద్దరికైనా వచ్చి ఉండాలి. చర్చి వెనక గది ఆదివారం మధ్యాహ్నం ఖాళీగానే ఉంటుంది. తాళంచెవి పాస్టరు గారి దగ్గరే ఉంటుంది.